లేమి ఇచ్చిన నాదం: వైట్ స్ట్రైప్స్ తొలి ఆల్బమ్

1988 అక్టోబరు 19న డిట్రాయిట్ నగరంలో సన్ హౌస్ అనే 86 ఏళ్ల వృద్ధుడు మరణించాడు. మిసిసిపి డెల్టాలో పుట్టి, కొంతకాలం చర్చిలో ప్రవచనాలు చెప్పి, తరువాత గిటారు పట్టి బ్లూస్ పాడిన గాయకుడాయన. 1930లో పారామౌంట్ సంస్థకు కొన్ని పాటలిచ్చాడు. 1940ల ఆరంభంలో అలన్ లోమాక్స్ ఆయన పాటలను అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం కోసం రికార్డు చేశాడు. ఆపైన న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌కు వలస వెళ్లి, రైల్వేలో పని చేసుకుంటూ, రెండు దశాబ్దాలపాటు సంగీతలోకానికి కనిపించకుండా పోయాడు. 1964లో అభిమానులు వెతికి పట్టుకున్నాక, 1965లో కొలంబియా సంస్థకు మళ్లీ పాడాడు. చివరి సంవత్సరాలు డిట్రాయిట్‌లో గడిచాయి. ఆయన ప్రాణం తీసినది స్వరపేటికకు సోకిన క్యాన్సర్.

ఆ తరువాత 11 ఏళ్లకు, 1999 జూన్ 15న, అదే నగరం నుంచి ఒక ఆల్బమ్ వెలువడి సన్ హౌస్‌కు అంకితమైంది. దాని పేరూ, దాన్ని వినిపించిన బృందం పేరూ ఒకటే: ది వైట్ స్ట్రైప్స్. బృందమంటే ఇద్దరే. పాడుతూ గిటారు వాయించే జాక్ వైట్, డ్రమ్స్ వాయించే మెగ్ వైట్. అప్పటికి ఇద్దరికీ పాతికేళ్లు నిండలేదు. జాక్ అంతకుముందు సోఫాలకు, కుర్చీలకు గుడ్డ బిగించే పని నేర్చుకున్నవాడు; మెగ్ డ్రమ్స్ పట్టి రెండేళ్లే అయింది. సింపతీ ఫర్ ద రికార్డ్ ఇండస్ట్రీ అనే చిన్న సంస్థ దీన్ని ప్రచురించింది. తరువాత కాలంలో ఫుట్‌బాల్ మైదానాల్లో లక్షలమంది గొంతెత్తి పాడుకున్న ‘సెవెన్ నేషన్ ఆర్మీ’ పాటతోనే ఈ బృందాన్ని ఎక్కువమంది ఎరుగుదురు. అది 2003 నాటి పాట. దానికి నాలుగేళ్ల ముందు వచ్చిన ఈ తొలి ఆల్బమ్‌ను విన్నవారు చాలా తక్కువ. కాని బృందం ఏమిటో, దాని బలమెక్కడుందో, దాని చిక్కెక్కడుందో ఈ 17 పాటల్లోనే ముందుగా తేలిపోయింది.

ఆ చిక్కు చిన్నది కాదు. దక్షిణాది పత్తిచేలలో, జైళ్లలో, వలసల్లో నలిగిన నల్లజాతివారి నోట పుట్టిన పాటను, ఆ అనుభవం లేని తెల్లజాతి యువత ఎత్తుకుని పాడితే, అది వారసత్వమా, అరువా, అపహరణా? ఆ పాట విని ఆనందించే శ్రోత ఆనందిస్తున్నదేమిటి? రాక్ సంగీతం పుట్టినప్పటి నుంచీ ఉన్న ప్రశ్న ఇది. ఈ ఆల్బమ్ దానికి తనదైన జవాబు చెప్పింది. ఆ జవాబు కొన్ని పాటల్లో నిలబడింది, కొన్నింటిలో నిలబడలేదు.

తీసివేయగా మిగిలినది

రాక్ బృందానికి కనీస సామగ్రి గిటారు, బేస్ గిటారు, డ్రమ్స్, గొంతు అని లోకం ఒప్పుకున్న లెక్క. ఇందులో బేస్ గిటారుది పునాది పని. అది మంద్రస్థాయిలో ఆధారస్వరాన్ని పట్టి ఉంచుతుంది, లయకూ రాగానికీ మధ్య వంతెనగా నిలుస్తుంది. వైట్ స్ట్రైప్స్ ఆ పునాదినే తీసేశారు. గొంతు, గిటారు, డ్రమ్స్ అనే మూడింటితోనే పాట నిలబడాలని నియమం పెట్టుకున్నారు. ఎరుపు, తెలుపు, నలుపు తప్ప మరో రంగు దుస్తుల్లో గాని, అట్టపై గాని కనిపించకూడదన్నది దానికి జోడైన నియమం. మూడు అనే అంకె మీద జాక్‌కు ఉన్న మమకారం చివరి వరకూ పోలేదు.

బేస్ లేకపోవడం వారు కనిపెట్టిన కొత్త విద్యేమీ కాదు. షికాగోలో హౌండ్ డాగ్ టేలర్ రెండు గిటార్లు, ఒక డ్రమ్ సెట్‌తోనే కచేరీలు సాగించాడు. ఆయన తొలి ఆల్బమ్‌ను వెలువరించడానికే 1971లో ఆలిగేటర్ రికార్డ్స్ అనే సంస్థ పుట్టింది. డిట్రాయిట్‌లోనే జాన్ లీ హుకర్ 1948లో ‘బూగీ చిల్లెన్’ను ఒక్క గిటారుతో, చెక్కపై తన కాలితో వేసిన తాళంతో రికార్డు చేశాడు. ఆ మరుసటి ఏడు అది నల్లజాతి సంగీతపు జాబితాల్లో మొదటి స్థానానికి చేరింది. కనుక ఈ ఇద్దరి లేమిని ఒక ఆధునిక చమత్కారంగా చూడడం కన్నా, ఆ నగరంలోనే పుట్టిన ఒక పాత పద్ధతికి తిరిగి వెళ్లడంగా చూడడం న్యాయం. హుకర్ పాదం చేసిన పనిని ఇక్కడ మెగ్ డ్రమ్స్ చేస్తాయి.

మెగ్ వాయింపుపై విమర్శ ఆనాటి నుంచి ఈనాటి వరకూ ఆగలేదు. చేయి తిరిగిన డ్రమ్మర్లు చూపే వేగం, అల్లిక ఆమె వాయింపులో లేవన్నది నిజమే. బాస్ డ్రమ్, స్నేర్, సింబల్ – ఈ మూడింటిని ఆమె విడివిడిగా, బరువుగా, దాదాపు పసిపిల్లల నిశ్చయంతో కొడుతుంది. ఆల్బమ్ తెరుచుకునే ‘జిమ్మీ ది ఎక్స్‌ప్లోడర్’ ఆ దెబ్బలతోనే మొదలవుతుంది. ఆ పాటలో అదే స్థానంలో ఒక నిపుణుణ్ణి ఊహించుకుంటే జరిగే నష్టం తెలుస్తుంది. జాక్ గిటారు నిలకడ లేనిది: వేగం పెంచుతుంది, తగ్గిస్తుంది, మధ్యలో ఆగిపోతుంది, శ్రుతి అంచులు దాటి అరుస్తుంది. దాని పక్కన మరో చంచలమైన వాద్యం ఉంటే మిగిలేది గందరగోళం. మెగ్ తాళం గోడలా నిలుచుంటేనే ఆ గిటారు పోయి దానికి గుద్దుకుని శబ్దం చేయగలదు. ఆమె ఇచ్చే విరామాలూ అంత విలువైనవే. ‘స్క్రూడ్రైవర్’లో గిటారు ఒక పదబంధాన్ని విసిరి ఆగినప్పుడు ఏర్పడే ఖాళీని ఆమె నింపడానికి ప్రయత్నించదు. ఆ ఖాళీలో శ్రోత తరువాతి దెబ్బ కోసం ఊపిరి బిగబడతాడు. పునాది స్వరం లేని పాటలో ఈ ఎదురుచూపే పునాది.

గిటారులోని మరో విశేషం తెలుగు చెవులకు త్వరగా అందేది. బ్లూస్‌కు ప్రాణమైన స్వరాలు పాశ్చాత్య స్వరపట్టికలోని మెట్లపై సరిగ్గా కూర్చోవు. వాటిలో ముఖ్యమైనది సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఊగే గాంధారం. పియానో మీటల మధ్య దొరకని ఆ చోటును పట్టడానికి గిటారు వాద్యకారులు తీగను సాగదీస్తారు, లేదా వేలికి తొడుక్కున్న గాజు, లోహపు గొట్టాన్ని తీగపై జారుస్తారు. గోటువాద్యంపై కర్రముక్కను జార్చి గమకాలు పలికించే పద్ధతి ఎరిగినవారికి ఈ స్లయిడ్ నాదం పరాయిదిగా తోచదు. ఆల్బమ్‌లో ‘సూజీ లీ’, ‘ఐ ఫాట్ పిరాన్యాస్’ పాటలకు సాలిడాడ్ బ్రదర్స్ బృందానికి చెందిన జానీ వాకర్ స్లయిడ్ వాయించాడు. ఇద్దరి నియమంలోకి మూడో మనిషిని రానిచ్చినది ఈ నాదం కోసమే కావడం గమనించదగినది.

అరువు పాటలు

అరువు తెచ్చుకున్న పాటల్లో, ఆల్బమ్‌లో రెండవదిగా వచ్చే ‘స్టాప్ బ్రేకింగ్ డౌన్’ రాబర్ట్ జాన్సన్‌ది. 1937 జూన్‌లో డాలస్‌లో ఆయన దాన్ని రికార్డు చేశాడు; మరుసటి ఏడాది 27 ఏళ్లకే చనిపోయాడు. రోలింగ్ స్టోన్స్ 1972లో ఇదే పాటను పాడినప్పుడు అది హాయిగా సాగే బృందగానమైంది. వైట్ స్ట్రైప్స్ దాన్ని మళ్లీ ఒంటరివాడి పాటగా మార్చారు, కాని గొంతులో జాన్సన్ నాటి లోగుట్టు లేదు. జాన్సన్ తన గిటారుతో రహస్యం చెప్పుకుంటున్నట్టు పాడతాడు, జాక్ అందరికీ వినబడేలా జగడమాడతాడు. పోలిస్తే ఓడిపోయేది జాక్ పాటే. అయినా అది జాన్సన్ గొంతును అనుకరించదు. ఆయన ఉచ్చారణను, ఆయన ఊరి యాసను నటించదు. తన కీచుగొంతుతోనే, తన ఊరి దురుసుతోనే పాడుతుంది. అరువుకూ అపహరణకూ మధ్య తేడా తెలిసే చోటు ఇది.

‘కేనన్’ పాటలో ఈ తేడా మరింత స్పష్టం. గిటారు హోరు మధ్యలో జాక్ ‘జాన్ ద రెవెలేటర్’ అనే పాత భక్తిగీతంలోని భాగాన్ని ఎత్తుకుంటాడు. 1930లో బ్లైండ్ విల్లీ జాన్సన్ రికార్డు చేసిన ఆ పాటను, 1960లలో సన్ హౌస్ వాద్యమేదీ లేకుండా, చప్పట్లే తాళంగా పాడాడు. వైట్ స్ట్రైప్స్ పెట్టుకున్న లేమి నియమానికి మూలం ఎక్కడుందో ఆ రికార్డు వింటే తెలుస్తుంది. ఒక గొంతు, రెండు అరచేతులు చాలునని సన్ హౌస్ ముందే నిరూపించి ఉన్నాడు. అతనితో పోలిస్తే ఒక గిటారు, ఒక డ్రమ్ సెట్ ఉన్నవారు సంపన్నులే. ఆల్బమ్‌ను ఆయనకు అంకితమివ్వడం మర్యాద కోసం చేసిన పని కాదని, పాఠం చెప్పిన గురువు పేరు చెప్పుకోవడమని ఈ పాట సాక్ష్యమిస్తుంది.

బాబ్ డిలన్ 1976 నాటి ‘వన్ మోర్ కప్ ఆఫ్ కాఫీ’ మాత్రం ఆ స్థాయిలో లేదు. డిలన్ పాటలో వయొలిన్, తోడు గాయని గొంతు కలిసి ఎడారి వీడ్కోలు లాంటి వాతావరణాన్ని కల్పిస్తాయి. వాటిని తీసివేసినప్పుడు ఏదైనా కొత్తది బయటపడాలి. ఇక్కడ పాట సన్నబడింది, అంతే. తీసివేయడం దానంతటదే సుగుణం కాదు. తీసినకొద్దీ ఎముక కనిపించే పాటకే అది మేలు చేస్తుంది.

‘సెయింట్ జేమ్స్ ఇన్‌ఫర్మరీ బ్లూస్’ అలాంటి ఎముక ఉన్న పాట. ఎవరు కట్టారో తేలని ఈ పాటను 1928లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేశాక లోకమంతా ఎరిగింది. కథ చిన్నది. ఒకడు ఆసుపత్రికి వెళ్లి, బల్లపై చాచి పడుకోబెట్టిన ప్రేయసి శవాన్ని చూస్తాడు. ఆమె కోసం రెండు మాటలు అంటాడు. తరువాత తన చావు గురించి, తన అంత్యక్రియలకు తానెలా తయారుకావాలో ఆ ఆడంబరం గురించి చెప్పడం మొదలుపెడతాడు. శవం ఎదుట నిలిచిన మనిషి మనస్సు దుఃఖం నుంచి తప్పించుకుని, ఏవో ఏర్పాట్ల మీదకు, తన గొప్ప మీదకు, అసందర్భమైన వివరాల మీదకు జారిపోవడం ఆసుపత్రి వరండాల్లో నిత్యం కనిపించే దృశ్యమే. అది హృదయం లేకపోవడం కాదు, హృదయం తనను తాను కాపాడుకునే తీరు. ఆర్మ్‌స్ట్రాంగ్ పాటలో ఆ తప్పించుకోవడానికి హుందాతనం ఉంది. జాక్ పియానో మీద ఈ పాటను తొందరగా, కొంచెం వెకిలిగా, నవ్వుకూ ఏడుపుకూ మధ్య పాడతాడు. మొదటిసారి విన్నప్పుడు ఎబ్బెట్టుగా తోచినా, పాటలోని మనిషి స్థితికి ఆ వెకిలితనమే దగ్గరిది.

నగరమే కథానాయిక

అరువు పాటల్లో వినయం చూపిన ఆల్బమ్, సొంత పాటల్లో కోపం చూపుతుంది. మూడవ పాట ‘ది బిగ్ త్రీ కిల్డ్ మై బేబీ’ ఈ ఆల్బమ్‌కు హృదయం. బిగ్ త్రీ అంటే జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్. బ్లూస్‌లో ‘బేబీ’ అంటే ప్రేయసి. ఆమె వెళ్లిపోవడం, మోసగించడం, చనిపోవడం వేల పాటలకు వస్తువు. జాక్ ఆ సంప్రదాయ పదాన్ని ఉంచి హంతకుణ్ణి మార్చాడు. చంపినవాడు మరో ప్రియుడు కాదు, ఊరికి అన్నం పెట్టిన మూడు కంపెనీలు. పాటలో ప్రెస్టన్ టకర్ పేరు వినిపిస్తుంది. 1948లో కొత్త తరహా కారు తయారుచేసి, 51 కార్లకే కంపెనీ మూతపడి, మోసం కేసులో కోర్టుకెక్కి, 1950లో నిర్దోషిగా బయటపడిన మనిషి ఆయన. పెద్ద కంపెనీలు కొత్త ఆలోచనను బ్రతకనివ్వవని నమ్మే డిట్రాయిట్ వాసులకు ఆయన ఒక అమరవీరుడు.

ఈ కోపం పుస్తకాల్లో చదివి తెచ్చుకున్నది కాదు. 1950లో 18 లక్షల 49 వేల జనాభా ఉన్న డిట్రాయిట్‌లో 2000 నాటికి మిగిలినది 9 లక్షల 51 వేలు. కర్మాగారాలు శివార్లకు, ఇతర రాష్ట్రాలకు, ఇతర దేశాలకు తరలిపోతుంటే, తెల్లజాతివారు వాటి వెనకాలే వెళ్లిపోయారు. జాక్ పుట్టి పెరిగిన నైరుతి డిట్రాయిట్ ఆ వలసల తరువాత మిగిలిన నగరం. ‘బ్రోకెన్ బ్రిక్స్’ పాటలో పిల్లలు కంచె దాటి పాడుబడిన కట్టడంలోకి దూరతారు. తండ్రి ఒకప్పుడు మధ్యాహ్న భోజనం చేసిన చోటు అది. ఆ పాటలో ఫిర్యాదు లేదు, సిద్ధాంతమూ లేదు. శిథిలం పిల్లలకు ఆటస్థలం కావడమొక్కటే ఉంది. నగర పతనంపై వెలువడిన ఎన్నో విశ్లేషణలు పట్టుకోలేని వాస్తవం అందులో రెండు నిమిషాల్లో వినిపిస్తుంది.

పాట చెప్పని మరో సంగతినీ ఇక్కడ చెప్పుకోవాలి. దక్షిణాది నుంచి కార్ల కర్మాగారాల్లో పనికోసం వచ్చిన నల్లజాతివారు తమ సంగీతాన్ని హేస్టింగ్స్ స్ట్రీట్ అనే వీధిలో నిలుపుకున్నారు. హుకర్ ‘బూగీ చిల్లెన్’లో తలచుకున్నది ఆ వీధినే. 1950ల చివర, 1960ల ఆరంభంలో ఆ వీధిలో ఎక్కువ భాగాన్ని కూల్చి ఒక పెద్ద రహదారి వేశారు. దానికి పెట్టిన పేరు క్రైస్లర్ ఫ్రీవే. మూడు కంపెనీల్లో ఒకదాని వ్యవస్థాపకుడి పేరు, నగరపు బ్లూస్‌ను పాతిపెట్టిన తారురోడ్డుకు అలా అంటుకుంది. కంపెనీలు చంపిన ‘బేబీ’ ఎవరన్న ప్రశ్నకు ఆ వీధి కూడా ఒక జవాబే. జాక్ కోపంలో ఈ చరిత్ర స్పష్టంగా పలకకపోవడం ఆల్బమ్‌లోని లోటు. తన వీధి శిథిలాన్ని చూసినంత సూటిగా, తాను పాడుతున్న సంగీతపు శిథిలాన్ని అతను చూడలేదు.

ఈ పాటలు విదేశాల్లోని తెలుగు శ్రోతలకు కొంత ఇబ్బంది కలిగించడం సహజం. డిట్రాయిట్ శివార్లలో, ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ వంటి ఊళ్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఎన్నింటికో ఆ మూడు కంపెనీలో, వాటికి విడిభాగాలు చేసే సంస్థలో జీతం ఇచ్చాయి. నగరం ఖాళీ అయిన కాలంలో నిండిన శివార్లవి. ఒకరి ఇల్లు కూలిన చరిత్రే మరొకరి ఇల్లు నిలిచిన చరిత్ర కూడా కావచ్చునని ‘బిగ్ త్రీ’ పాట గుర్తుచేస్తుంది. నేరం మోపడానికి గాని, నేరం ఒప్పుకోవడానికి గాని కాదు. నివసిస్తున్న నేలకు తమ రాకకు ముందు ఏమి జరిగిందో తెలుసుకోవడానికి ఆ ఇబ్బంది పనికొస్తుంది.

వేషమూ నిజమూ

లోపాలు లేకపోలేదు. 17 పాటలు ఎక్కువ. ‘లిటిల్ పీపుల్’, ‘స్లిక్కర్ డ్రిప్స్’ వంటివి ఊహ మొలకెత్తే దశలోనే ఆగిపోయాయి. అరుపు ఎక్కడ పాటకు అవసరమో, ఎక్కడ అలవాటో అన్న విచక్షణ జాక్‌కు అప్పటికి కుదరలేదు. 1996లో పెళ్లి చేసుకుని 2000లో విడిపోయిన ఈ జంట లోకానికి తాము అక్కాతమ్ముళ్లమని చెప్పుకున్నది. రంగులు, అంకెలు, ఈ కల్పిత బంధుత్వం అన్నీ కలిసి, వీరిది లేమి కాదు, లేమి వేషం అన్న ఆరోపణకు తావిచ్చాయి.

ఆ ఆరోపణలో నిజముంది. కాని వేషం ఉన్నంతమాత్రాన భావం అబద్ధం కాదు. పరుల శోకం రంగస్థలంపై ఆస్వాదయోగ్యం ఎలా అవుతుందన్న ప్రశ్నకు భట్టనాయకుడు సాధారణీకరణమనే జవాబు చెప్పాడు. ఫలానా వ్యక్తి శోకం అన్న హద్దు తొలగినప్పుడే అది ప్రేక్షకుడికి చేరుతుంది. సన్ హౌస్ అనుభవాన్ని తనదిగా నటించి ఉంటే జాక్ ఆ హద్దును దాటేవాడు కాదు. మారువేషంలో దొంగగా మిగిలేవాడు. అతను తీసుకున్నది రూపాన్ని: మూడు స్వరసమూహాలు, పునరుక్తి, సవాలుకు జవాబు, ఖాళీలు. నింపినది సొంత ఊరి శిథిలాన్ని. ఈ పద్ధతి పాటించిన పాటలే నేటికీ నిలిచాయి. పాటించని పాటలు వయసుమళ్లాయి. ఆల్బమ్‌ను ఆనందించే శ్రోత ఆనందిస్తున్నది ఇంకొకరి బాధను కాదు. బాధను మోయడానికి ఒక జాతి కనిపెట్టిన పాత్ర ఇంత గట్టిదా, ఇంత దూరం ప్రయాణించినా పగలనిదా అన్న ఆశ్చర్యాన్ని.

మూడేళ్ల తరువాత, 2002లో, రబ్బరు పరిశ్రమ కుంగిన ఓహాయో పట్టణం ఆక్రన్ నుంచి ది బ్లాక్ కీస్ అనే మరో ఇద్దరు ‘ది బిగ్ కమ్ అప్’ అనే తొలి ఆల్బమ్‌తో వచ్చారు. వారిదీ గిటారు, డ్రమ్స్ దారే. వారు రికార్డు చేసుకున్నది ఇంటి నేలమాళిగలో. పరిశ్రమలు వెళ్లిపోయిన ఊళ్లలో బ్లూస్ మళ్లీ మొలవడం ఒక్క బృందపు చాపల్యం కాదనడానికి అది నిదర్శనం.

ఈ ఆల్బమ్‌ను ఒంటరిగా వినడం కన్నా, సన్ హౌస్ 1965 నాటి రికార్డులు విన్న తరువాత వినడం మేలు. ముందు ఆ చప్పట్లు, తరువాత ఈ డ్రమ్స్. సన్ హౌస్ సమాధికి స్మారకశిల నిలపడానికి డిట్రాయిట్ బ్లూస్ సొసైటీ సభ్యులు సహాయార్థ కచేరీలు చేసి డబ్బు కూడబెట్టవలసి వచ్చింది. ఆ నగరం తన గాయకులకు ఉదారంగా ఇచ్చిన చరిత్ర లేదు. ఇద్దరు యువకులు తమ మొదటి రికార్డు అట్టపై ఆయన పేరు రాయడం ఆ బాకీలో చిన్న వాయిదా మాత్రమే. అయినా బాకీ ఉందని ఒప్పుకున్న వాయిదా అది.